ఆగిన బస్సు, అనసూయమ్మ గారు

మొన్న మా కొత్త బస్సుకు పూజ చేయించాం. కొంటా బస్టాండు వెనక షెడ్డు ముందు నేల రాత్రి వానకు ఇంకా మెత్తగా ఉంది. పూజారి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి పక్కకు తప్పుకున్నాడు. డ్రైవరు ముత్తా స్టీరింగుకు దండం పెట్టుకుని బండిని ముందుకు కదిలించగానే నిమ్మకాయలు చిట్లాయి. ఆ పుల్లటి వాసన డీజిల్ పొగతో, తడి మట్టితో, బంతిపూలతో కలిసి ఒక్కసారిగా ముక్కుకు తగిలింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నేను మాత్రం కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని షెడ్డు వైపు తిరిగాను. వాసన పడక కాదు. ఆ వాసన వెంట అనసూయమ్మ గారు నడిచొచ్చి నా భుజం పక్కన నిలబడ్డట్టయింది. బండి బయల్దేరేటప్పుడు ఎవరైనా కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఆమెకు ఒళ్ళు మండేది.

ఆమెను చూడని వాళ్ళకు ఎలా చెప్పాలో నాకు ఎప్పుడూ తెలియదు. పొట్టి మనిషి. గొంతు మాత్రం బస్టాండు ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించేది. తెలుగు వాళ్ళతో తెలుగు, సిపాయిలతో హిందీ, సంతకు వచ్చే ఆడవాళ్ళతో దోర్లి, జగదల్‌పూర్ వ్యాపారులతో హల్బీ మాట్లాడేవారు. నాలుగు భాషల్లోనూ ఆమె బేరం ఒక్కటే. సంత రోజున బస్సు నిండా పందెం కోళ్ళు ఎక్కేవి. కోడికి టిక్కెట్టు తీయాలా వద్దా అని రోజూ తగాదే. "ఒళ్ళో కూసుంటే ఊరికే. సీట్లో కూసుంటే టిక్కెట్టు. కోడైనా, కలెక్టరైనా" అని ఆమె తీర్పు చెప్పేవారు. ఆ తీర్పు మీద ఎవరూ పైకోర్టుకు వెళ్ళలేదు.

నేను పన్నెండో తరగతి పాసై ఇంట్లో కూర్చున్న రోజుల్లో బుకింగ్ కౌంటర్లో పనికి మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. అప్పటికి బస్సు ఒక్కటే. పొద్దున్నే కొంటాలో బయల్దేరి, ఎర్రబోరు, దోర్నపాల్, సుక్మా మీదుగా జగదల్‌పూర్ వెళ్ళి, సాయంత్రానికి తిరిగొచ్చేది. యజమాని వెంకటరత్నం సేఠు గారు, అంటే అనసూయమ్మ గారి భర్త. పిల్లలు లేరు. ఆ ఇద్దరికీ ఆ బస్సే పిల్లా, పెళ్ళీ, పండగా. సేఠు గారు నవ్వు ముఖం మనిషి. అప్పు అడిగినా, అలిగినా, ఆకలన్నా కాదనేవారు కాదు. ఒక్కటి మాత్రం ఆయన చేత చేయించడం ఎవరి తరమూ కాలేదు. కాగితాల సంగతి ఎత్తితే చాలు, ఆయన దాన్ని ముందున్న పండగకు నెట్టేసేవారు.

మా బస్సులో వారానికి ఒకసారి జగదల్‌పూర్ వెళ్ళే ముసలి వకీలు ఒకాయన ఉండేవారు. ముందు సీట్లో కూర్చుని సేఠు గారిని వదిలేవారు కాదు. "రత్నం, బండి నీ పేరు, పర్మిట్ నీ పేరు, బ్యాంకు ఖాతా నీ పేరు. భాభీ పేరు ఎక్కడుందయ్యా?" అనేవారు. సేఠు గారు వెంటనే ముందు అద్దం వైపు చెయ్యి చూపించేవారు. అక్కడ పైన, ఎర్ర రంగుతో, తెలుగులోనూ హిందీలోనూ పెద్ద అక్షరాలతో 'అనసూయ' అని రాసి ఉండేది. "అదిగో, అంత పెద్దగ రాయించిన గదా. ఇంకేంది?" బస్సంతా నవ్వేది. వకీలు గారూ నవ్వేవారు. "దసరా రష్షు అయిపోనీండి, మీ దగ్గరకే వస్తా" అనేవారు సేఠు గారు. దసరా అయ్యాక తునికాకు సీజను. అదయ్యాక వానలు, శబరి వరద. వరద తీశాక మళ్ళీ దసరా. నేను పనిలో ఉన్న ఆ కొన్నేళ్ళలోనూ ఆ మాట అలాగే చక్రంలా తిరిగింది. కౌంటరు లోపల కూర్చుని అనసూయమ్మ గారూ నవ్వేవారు. అద్దం మీద తన పేరు చూసుకుని మురిసిపోయిన మనిషికి, ఇంకెక్కడ ఉండాలో అడగాలన్న ఆలోచన ఎందుకొస్తుంది?

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, సుక్మాలో టీ తాగి బస్సెక్కబోతూ సేఠు గారు మెట్టు మీదే కూలిపోయారు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ముత్తా ఆయన్ని అదే బస్సులో, సీట్ల మధ్య పడుకోబెట్టి కొంటాకు తీసుకొచ్చాడు. ఆ సాయంత్రం షెడ్డులో ఆగిన బస్సు ఆరోజుకే ఆగిందని అనుకున్నాం.

కర్మలు అయ్యాయి. దుఃఖంలో ఉన్న ఇంటికి దఫ్తరు సంగతులు ఎవరు చెబుతారు? అన్నీ కుదుటపడ్డాక అనసూయమ్మ గారు నన్ను వెంటబెట్టుకుని జగదల్‌పూర్ రవాణా కార్యాలయానికి వెళ్ళారు. అక్కడి అధికారి మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, నెమ్మదిగా చెప్పాడు. పర్మిట్ ఉన్న మనిషి పోతే గడువులోగా తెలియజేయాలట. తెలియజేస్తే కొన్నాళ్ళు వారసులు అదే పర్మిట్ మీద బండి నడుపుకోవచ్చట. మా గడువు దాటిపోయింది. "సరే, కొత్తగా పెట్టుకుంటా. ఏం కావాలె?" అన్నారామె. ముందు బండి ఆమె పేరు మీదికి మారాలి. బండి మారాలంటే వారసులందరూ ఒప్పుకోవాలి. "అందరూ ఎవరు? నేనొక్కదాన్నే గదా" అన్నారు అనసూయమ్మ గారు. అధికారి కాగితాలు తిరగేసి తల అడ్డంగా ఊపాడు. "మీ అత్తగారు ఉన్నారు కదా, అమ్మాజీ. పిల్లలు లేరు కాబట్టి భార్యకెంతో తల్లికీ అంతే. వీలునామా ఉందా?"

వీలునామా లేదు.

అత్తగారు మంగమ్మ గారు భద్రాచలంలో చిన్న కొడుకు సత్యం ఇంట్లో ఉండేవారు. సత్యం గారికి ఫోన్ చేస్తే ఆయన ఒకే మాట అన్నారు. "వదినా, బండి కొన్నప్పుడు నేనూ పెట్టిన. సగం నాదని అన్న నాతోటి అన్నడు. అది తేలినాకనే అమ్మ దస్తఖత్ పెడతది." సేఠు గారు తమ్ముడి డబ్బు తిరిగి ఇచ్చేశారని అనసూయమ్మ గారికి గుర్తు. ఇచ్చినట్టు రాసిన కాగితం లేదు. సగం నీది అని చెప్పారో లేదో ఆమెకు తెలియదు. చెప్పాల్సిన మనిషి లేడు. ఇద్దరూ అబద్ధం ఆడే మనుషులు కాదు. అదే అసలు చిక్కు.

బస్సు షెడ్డులో ఉండిపోయింది. ఆగిన బస్సు ఎంత త్వరగా ముసలిదవుతుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. ముందు టైర్లు మెత్తబడ్డాయి. సీట్ల కింద ఎలుకలు చేరాయి. వానలు మొదలయ్యేసరికి చక్రాల పక్కన మొలిచిన గడ్డి మెట్టు దాకా వచ్చింది. బ్యాంకు ఖాతా సేఠు గారి ఒక్కరి పేరు మీదే ఉండడంతో అందులో డబ్బు తీయడానికి వీల్లేకపోయింది. బండి మీద అప్పు మాత్రం తన తారీఖు మర్చిపోలేదు. మేం వదిలేసిన పొద్దుటి వేళను వేరే సేఠు తన బస్సుకు అడిగి తీసుకున్నాడు. ముత్తా కొన్నాళ్ళు షెడ్డు దగ్గరే కూర్చుని, చివరికి లారీ తోలడానికి తెలంగాణకు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, అద్దం తుడిచి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "ఎప్పుడు పిలిస్తే అప్పుడొత్తనమ్మా" అన్నాడు. ఆమె దాన్ని కొంగుకు ముడేసుకున్నారు.

అందరూ ఆమెను చూసి 'పాపం' అనడం మొదలుపెట్టారు. ఆ మాట ఆమెకు కారం చల్లినట్టుండేది. ఒకరోజు పొద్దున్నే నన్ను పిలిచి, "పద్మా, కౌంటరు తెరువు" అన్నారు. "ఏ బస్సుకమ్మా?" అని అడిగాను. "ఆ కొత్త సేఠు బండికి. వాళ్ళకు కొంటాలో కౌంటరు లేదు. మనకు బండి లేదు. ఇద్దరం కలిత్తే ఒక బస్సు సర్వీసు." అప్పటికే వెళ్ళి మాట్లాడి వచ్చారట. తన వేళ తీసుకున్న మనిషి బస్సుకు తన కౌంటర్లో కూర్చుని టిక్కెట్లు అమ్మారు. ఎవరైనా జాలిగా చూస్తే, "టిక్కెట్టు తీసుకో, నా మొకం తర్వాత చూద్దువు" అనేవారు. మొదటి రోజు ఆ బస్సు బయల్దేరుతుంటే మాత్రం కిటికీ లోంచి దాని వెనక అద్దం కనుమరుగయ్యే దాకా చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "పండక్కి పండక్కీ మధ్యలో మాకెన్ని రోజులుండెనే. ఆయన నవ్వుతుంటే నేను గూడ నవ్విన. ఇంక నవ్వేది లేదు. రేపు భద్రాచలం పోతన్నా" అన్నారు.

భర్త పోయి ఏడాది కూడా తిరగని ఆడది ఒంటరిగా బయల్దేరి మరిది ఇంటి గడప తొక్కడమేమిటని వీధిలో గుసగుసలు వినిపించాయి. ఆమె వినలేదు. నన్ను తోడు తీసుకుని జీపెక్కారు. దారి పొడుగునా ఏం మాట్లాడాలో ఒక్కసారి కూడా నాతో అనుకోలేదు.

సత్యం గారి ఇంట్లో మంగమ్మ గారు వరండాలో నులక మంచం మీద కూర్చుని ఉన్నారు. కోడలిని చూడగానే చేతులు చాచారు. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. సత్యం గారు బయటి నుంచి వచ్చి, చెప్పులు విడిచి, గుమ్మంలోనే నిలబడ్డారు. పోట్లాటకు సిద్ధమై వచ్చిన మనిషి ముఖం అది. అనసూయమ్మ గారు కళ్ళు తుడుచుకుని ఆయన్నే చూసి అన్నారు.

"సత్యం, మీ అన్న నీకు సగమని ఎప్పుడన్నడు?"

"బండి కొన్న రోజు. గోదారి ఒడ్డున, కొబ్బరికాయ కొట్టినప్పుడు. మేమిద్దరమే ఉన్నం."

"మరి నీ డబ్బులు తిరిగిచ్చిన అని నాతోటి అన్నడు."

"ఇచ్చిండు. నేను కాదంటలేను. కానీ సగమన్న మాట వేరు."

ఆమె అత్తగారి వైపు తిరిగారు. మంగమ్మ గారు తల ఊపుతూ, "నాకు తెల్వదమ్మా. వాడు నాకేం చెప్పలే. రేపు చెప్తా, రేపు చెప్తా అనేటోడు" అన్నారు. ఆ 'రేపు' వినగానే గుమ్మంలో ఉన్న సత్యం గారు కూడా తల దించుకున్నారు. ఆయనకూ అన్న నోట అదే మాట వినిపించి ఉంటుంది.

తర్వాత అనసూయమ్మ గారు అన్న మాటలు నాకు ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తున్నాయి. "నువ్వు అబద్ధమాడుతున్నవని నేను అనలేను. ఆయన మర్చిపోయిండని గూడ అనలేను. అడుగుదామంటే ఆయన లేడు. మనం ఇట్టనే కూసుంటే బండి తుప్పు పడతది, అప్పుడు సగమూ ఇనుమే, మొత్తమూ ఇనుమే. అందుకని, అన్నడనే అనుకుందాం. నీ సగం నేను మెల్లమెల్లగ కట్టేస్తా. అత్తమ్మ వాటా అత్తమ్మకు నెలనెలా వత్తది. కానీ అన్నీ రాసుకుందాం. ఇయ్యాలనే. నోటిమాట మాత్రం ఇంక వద్దు సత్యం. నోటిమాటతోటే ఇంత దూరం వచ్చినం."

సత్యం గారు గుమ్మం మీదే కూర్చున్నారు. వదిన అరుస్తుందనీ, శాపనార్థాలు పెడుతుందనీ, పంచాయితీ పెద్దలను తెస్తుందనీ ఆయన ఎదురుచూశారు. ఇది మాత్రం ఆయన ఊహలో లేదు. కాసేపటికి లేచి లోపలికెళ్ళి భార్యతో, "వదినకు అన్నం పెట్టు. తిన్నాక వకీలు దగ్గరకు పోదాం" అన్నారు. మాట మీద పేచీ లేకపోయేసరికి రాసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆ తర్వాత మంగమ్మ గారిని జగదల్‌పూర్ తీసుకెళ్ళాం. సత్యం గారే జీపు మాట్లాడారు, దారిలో తల్లికి దిండు సర్దుతూ కూర్చున్నారు. కార్యాలయంలో అధికారి వేలిముద్ర పెట్టే సిరాపెట్టె ముందుకు జరిపాడు. మంగమ్మ గారు దాన్ని వెనక్కి తోసేశారు. "నాకు దస్తఖత్ వచ్చు. మా నాయన నేర్పిండు" అని పెన్ను పట్టుకున్నారు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాసి, మధ్యలో ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ రాశారు. వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కోలేదు. చివరి అక్షరానికి ఒత్తు పెట్టి పెన్ను దించగానే ఎవరో 'శభాష్ దాదీ' అన్నారు. అనసూయమ్మ గారు అత్తగారి సిరా అంటిన వేళ్ళను తన కొంగుతో తుడిచారు. ఆ కొంగు మీద మరక చాలాకాలం ఉంది. ఆమె ఆ చీరనే పనిగట్టుకుని కట్టుకునేవారు.

కొత్త పర్మిట్ వచ్చింది. కానీ పాత వేళ రాలేదు. పొద్దుటి వేళ పోయిందంటే పోయినట్టే. మాకు మధ్యాహ్నం వేళ దక్కింది. ఎండలో ఎవరెక్కుతారని నేను దిగులుపడ్డాను. "ఆలస్యం చేసిన ఖరీదు అది. కట్టినం, అయిపోయింది. ఇప్పుడు మధ్యాహ్నం జనాన్ని వెతుకుదాం" అన్నారామె. ముత్తాకు ఫోన్ చేశారు. అతను మర్నాడే లారీ యజమానికి చెప్పేసి, రెండు బస్సులు మారి, దుమ్ము కొట్టుకుపోయిన ముఖంతో షెడ్డు ముందు దిగాడు. ఇంటికి కూడా వెళ్ళకుండా బస్సు కిందికి దూరాడు. టైర్లు మార్చారు, గడ్డి పీకారు, ఎలుకలను తరిమారు. ఇంజను మొదటిసారి తాళం తిప్పితే పలకలేదు. రెండోసారీ పలకలేదు. తర్వాత ఒక్కసారిగా నల్లటి పొగ చిమ్ముతూ దగ్గి, గొంతు సవరించుకుని, నిలకడగా పాడడం మొదలుపెట్టింది. ముత్తా స్టీరింగు మీద తల పెట్టి నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో మాకు తెలియలేదు.

ఆ మొదటి ప్రయాణంలో నేనూ ఎక్కాను. ఎర్రబోరులో ఆడవాళ్ళు గంపలు దించి చేతులూపారు. దోర్నపాల్‌లో టీ కొట్టతను పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి అందరికీ టీ అందించాడు, డబ్బులు తీసుకోలేదు. పొద్దున అంగడికి వచ్చినవాళ్ళు సాయంత్రం ఇళ్ళకు చేరడానికి ఆ వేళ సరిగ్గా సరిపోయింది. ఆశ్రమ పాఠశాలల్లో చదివే ఆడపిల్లలు శనివారం క్లాసులు అయ్యాక ఇళ్ళకు వెళ్ళే బస్సు మాదే అయింది. సుక్మా చేరేసరికి నిలబడడానికి చోటు లేదు. ముందు సీట్లో మంగమ్మ గారిని కూర్చోబెట్టి, ఆమె పక్కన అనసూయమ్మ గారు నిలబడే వచ్చారు. "కూసోండమ్మా" అని ఎవరో లేచారు. "టిక్కెట్టు కొన్నవాళ్ళకే సీటు" అన్నారు గట్టిగా. బస్సంతా గొల్లుమంది. ఎన్ని నెలల తర్వాతో ఆ నవ్వు విన్నాను.

సత్యం గారి సగం ఆమె మాటిచ్చినట్టే ఏళ్ళ తరబడి కట్టారు. చివరిది కట్టేసిన రోజున ఆయన ఆ కాగితం మీద ముట్టిందని రాసి, సంతకం చేసి, "వదినా, అన్న అట్ట అన్నడో, నేను అట్ట అనుకున్ననో, నాకే ఇప్పుడు అనుమానంగా ఉంది" అన్నారు. ఆమె కాగితం మడిచి పెట్టుకుంటూ, "ఇంక ఆ అనుమానంతో మనకు పనిలేదు. అన్నం తిందువు రా" అన్నారు. ఆ ఇంటికీ ఈ ఇంటికీ రాకపోకలు సేఠు గారు బతికున్నప్పటి కంటే ఎక్కువయ్యాయి. సత్యం గారి అమ్మాయి కొంటాకు వచ్చి పెద్దమ్మ దగ్గరే ఉండి చదువుకుంది.

మంగమ్మ గారు నిండు వయసులో వెళ్ళిపోయిన ఏడాది తర్వాత, ఒక ఆదివారం అనసూయమ్మ గారు అందరినీ భోజనానికి పిలిచారు. సత్యం గారి కుటుంబం, ముత్తా, ముత్తా భార్య, నేను, మా ఆయన. పులిహోర, నాటుకోడి కూర, సొరకాయ పచ్చడి. అందరం తిని చేతులు కడుక్కున్నాక, "కూసోండి. నేను చచ్చినాక ఏం జరగాలో చెప్తా" అన్నారు. నేను చేతిలో ఉన్న చెంబు కింద పెట్టి, "ఇప్పుడెందుకమ్మా ఆ మాటలు" అన్నాను.

"ఇప్పుడు గాక ఎప్పుడే? అప్పుడు నేను మాట్లాడలేను గదా."

ముత్తా భార్య ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో మా అందరి బిగుసుకుపోయిన భుజాలూ కిందికి దిగాయి. ఆమె ఏ కాగితమూ చూడకుండా, సంతకు ఏమేం కొనాలో చెప్పినట్టు చెప్పుకుపోయారు. ఇల్లు సత్యం కూతురికి. వీలునామా రాసి రిజిస్టరు చేయించారు. బస్సు ఒక్కరి పేరు మీద ఉండకూడదు. తనూ, నేనూ, ముత్తా కలిసి భాగస్వాములుగా సంస్థ పెట్టాలి. బండీ పర్మిట్టూ దాని పేరు మీదికి మార్చాలి. ఒకరు పోయినా మిగిలినవాళ్ళు నడుపుకునేలా రాయించాలి. బ్యాంకులో నామినీ ఎవరో చెప్పారు. తను పోయాక ఏ ఆఫీసుకు ముందు వెళ్ళాలో, ఎవరిని కలవాలో చెప్పారు. "ఎవరికన్నా బాధుంటే నా మొకం మీద ఇయ్యాలనే చెప్పండి. నేనుండగనే పోట్లాడుకుందాం. నేనుంటే నేనే గెలుస్త" అన్నారు.

సత్యం గారు మాత్రం ఒకటి అడిగారు. "వదినా, బండి పరాయివాళ్ళకా?" నన్నూ ముత్తానూ చూడలేక గోడ వైపు చూస్తూ అడిగారు. ఆమె కోపం తెచ్చుకోలేదు. "బండి ఆగినప్పుడు ఎవరు వచ్చిన్రో వాళ్ళు పరాయివాళ్ళెట్టయితరు సత్యం? నువ్వూ వచ్చినవ్. అందుకే ఇల్లు నీ బిడ్డకు" అన్నారు. ఆయన గోడ మీది చూపు మా వైపు తిప్పి, "సరే. నాకు సమ్మతమే" అన్నారు. ఆ మాట అందరి ముందూ అన్నారు కాబట్టి, ఆ తర్వాత ఎప్పుడూ ఆయన మనసులో అది ముల్లై మిగల్లేదు. అది ఆమెకు ముందే తెలుసనుకుంటాను. వారం తిరక్కుండా మమ్మల్ని జగదల్‌పూర్ తీసుకెళ్ళారు. దసరా దగ్గర పడిందనీ, రష్షు తగ్గాక వెళ్దామనీ ముత్తా గొణిగాడు. ఆమె అతని వైపు చూసిన చూపుకు మళ్ళీ నోరెత్తలేదు.

తర్వాత కొన్నేళ్ళకు దోర్నపాల్ నుంచి అడవి లోపలికి రోడ్డు పడింది. చింతలనార్ దాకా బస్సు వేద్దామని మొదట అన్నది ఆమే. రెండో బస్సు కొన్నాం. మొదటిరోజు ఆమె ముందు సీట్లో కూర్చున్నారు, ఈసారి టిక్కెట్టు కొనుక్కునే. ఊరి మొదట్లో డోలు పట్టుకుని జనం నిలబడ్డారు. ఒక ముసలామె బస్సెక్కి, సీటును అరచేత్తో నిమిరి, ఎక్కడికీ వెళ్ళేది లేకపోయినా ఊరి చివర దాకా కూర్చుని దిగింది. అనసూయమ్మ గారు ఆమెతో దోర్లిలో ఏదో అన్నారు. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా నవ్వారు. ఆ రోజు ఆమె ముఖంలో ఉన్న వెలుగు నేను మరెప్పుడూ చూడలేదు.

చలికాలంలో ఒక తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి దహనం అయిపోయింది. మర్నాడు షెడ్డు దగ్గర ముత్తా తాళంచెవి పట్టుకుని నా వైపు చూశాడు. నేను సత్యం గారి వైపు చూశాను. ఆయన అప్పటికే షెడ్డు తలుపు తీస్తున్నారు. "వదిన బండి ఆపితే ఊకుంటదా? పోనియ్యండి" అన్నారు. ఆపాల్సిన కారణం కూడా ఒక్కటీ లేదు. బండి కదలడానికి ఏ ఆఫీసుకూ పరుగెత్తక్కర్లేదు, ఎవరి దస్తఖత్ కోసమూ ఎదురుచూడక్కర్లేదు. వేళకు రెండు బస్సులూ బయల్దేరాయి. ఆమె ఇంటి ముందు నుంచి వెళ్తూ ముత్తా హారను నొక్కిపట్టి వీధి చివర దాకా వదల్లేదు. ఇళ్ళలోంచి జనం బయటికొచ్చి, దుఃఖం మర్చిపోయి చేతులూపారు. మెట్టు మీద నిలబడి ఉన్న నాకు ఏడుపు రాలేదు. గెలిచి ఇంటికొస్తున్నవాళ్ళ వెంట నడుస్తున్నట్టనిపించింది.

ఊళ్ళో వాళ్ళు అనసూయమ్మ నాకు బస్సు ఇచ్చిపోయిందంటారు. నిజమే. కానీ నేను రోజూ వాడుకునేది ఇంకొకటి. చెప్పలేని మాటను, మనిషి ఎదురుగా ఉండగానే, అన్నం తిన్నంత మామూలుగా చెప్పేయడం. మా ఆయనతో, మా పిల్లలతో, ముత్తా కొడుకులతో నేనూ ముత్తా మేం పోయాక ఏమిటన్న మాటలు ఎప్పుడో మాట్లాడేసుకున్నాం. ఇప్పుడు కౌంటరు దగ్గరికి టిక్కెట్టు కోసం కాకుండా ఆ మాట ఎలా మొదలెట్టాలో అడగడానికి వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. మొన్నటికి మొన్న దోర్నపాల్ నుంచి కిరాణా కొట్టు నడిపే భార్యాభర్తలు వచ్చారు. భర్తకు ఇష్టం లేదు, భార్య లాక్కొచ్చింది. "అక్కా, కొట్టుకు వీలునామా రాయమంటే ఈయన పంట చేతికొచ్చినాక చూద్దామంటడు. నువ్వు జర చెప్పు" అంది. నేను చెప్పడం మానేసి, కౌంటరు మూసి, వాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని సుక్మా వెళ్ళే బస్సెక్కాను. సాయంత్రం రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు దిగుతూ అతను చేతులు దులుపుకుని, "ఓస్, ఇంతేనా? దీనికోసమా ఇన్నేండ్లు భయపడ్డ?" అన్నాడు. అతని భార్య చిన్నగా అతని వీపు మీద ఒకటి చరిచింది. ముగ్గురం నవ్వుకుంటూ, తిరుగు బస్సు కోసం రోడ్డు దాటాం.